పేజీ చివరి తట్టు

మా పెద్దమ్మను ఒకాయన ఒక ప్రశ్న అడిగారు. ఆమె ఇరవై రెండేళ్ళు జవాబు చెప్పలేదు. ఈలోగా అడిగినాయన చనిపోయారు కూడా. అయినా ఆయన అడగడం మానలేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతో ఒకే ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి దెయ్యాల కథలంటే నాకు నవ్వొస్తుంది గానీ, ఎవరైనా బల్లమీద వేలితో తడితే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పెద్దమ్మ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. పేజీ అచ్చుకెళ్ళే ముందు అందులో తప్పులు పట్టుకునే పని అది. అక్కడ అచ్చయ్యేదంతా ఇంగ్లీషే. మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు, యంత్రాలు నడిపే విధానం చెప్పే పుస్తకాలు, కంపెనీల నిబంధనలు. ఎవరూ సరదాకి చదవనివన్నీ ఆమె జీతానికి చదివేది. ప్రెస్సులో అందరూ ఆమెను భూతద్దం అనేవారు, అదీ చాటుగానే. ఎదురుగా అనే ధైర్యం మేనేజరుకి కూడా లేదు.

ఆమె పనిచేసే గది మేడమీద, వసారా చివర. కింద యంత్రం నడుస్తుంటే బల్లమీద నీళ్ళగ్లాసు వణికేది. బల్లకి ఇటువైపు పెద్దమ్మ కుర్చీ, అటువైపు ఇంకో కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే ఆయన్ని రేడియోగారు అనేవారు. ఆయన పని పైకి చదవడం. రాసిచ్చిన అసలు కాగితం ఆయన చేతిలో ఉండేది, అచ్చు నమూనా పెద్దమ్మ ముందు ఉండేది. ఆయన చదువుతూ పోతే ఆమె వేలు ఒక్కో వరస కిందా జరుగుతూ పోయేది. కామా వస్తే కామా అనేవారు, పేరా మారితే కొత్త పేరా అనేవారు. మూర్ఛ మాత్రల గురించైనా, మురుగు పంపు గురించైనా ఆయనది ఒకటే గొంతు, ఒకటే వేగం. పెద్దమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది. ఆయన ఆమెను చెల్లెమ్మా అనేవారు. పదకొండేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు.

ఈ పనిలో పెద్ద చిక్కు చెవితో వస్తుంది. ఇంగ్లీషులో కొన్ని మాటలు కంటికి వేరు, చెవికి ఒకటే, లేదా దాదాపు ఒకటే. ఆయన స్టేషనరీ అని చదివితే, కదలకుండా నిలబడ్డ బండి సంగతో, కాగితాలూ కలాలూ అమ్మే కొట్టు సంగతో చెవికి తెలియదు. అసలులో ఒకటి ఉండి అచ్చులో ఇంకోటి పడినా కన్ను హాయిగా దాటిపోతుంది. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ తేడా నేనూ ఇక్కడ మీకు చూపించలేను. వాళ్ళిద్దరి బాధ ఏమిటో దీన్నిబట్టి మీరే అర్థం చేసుకోండి.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు. నీలం అట్ట నోటుపుస్తకంలో అలాంటి జంటలన్నీ రాసుకున్నారు. ఎడమవైపు మాట పక్కన ఒక చుక్క, కుడివైపు మాట పక్కన రెండు చుక్కలు. చదువుతూ అలాంటి మాట దగ్గరికి రాగానే రేడియోగారు వేలి కణుపుతో బల్లమీద తట్టేవారు. ఎడమ మాటైతే ఒకసారి, కుడి మాటైతే రెండుసార్లు. ఇక గుర్తుపెట్టుకునే కిటుకులు పెద్దమ్మవి. కదలని స్టేషనరీకి చివర్లో ఏ ఉంటుంది, ‘ఆగు’లో ఆ ఉంది కాబట్టి. కాగితాల స్టేషనరీకి ఈ, పూర్వం ఈకతో రాసేవారు కాబట్టి. అఫెక్ట్ ముందు, ఎఫెక్ట్ తర్వాత. ఏ ముందు వస్తుంది, ఈ తర్వాత వస్తుంది. చేసిన పని ముందు, దాని ఫలితం తర్వాత. లూజ్‌లో రెండు ఓలు ఉంటే వదులు, ఆ చొక్కాలో ఇద్దరు పడతారు. ఒక్క ఓ ఉంటే పోగొట్టుకోవడం, రెండింట్లో ఒకటి పోయింది కదా. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. హైపోలో ‘పో’ ఉంది, ఉన్నది పోయిందని గుర్తుపెట్టుకో.

నాకు ఇంగ్లీషు ఇలాగే వచ్చింది. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. అమ్మా, నేనూ పెద్దమ్మ దగ్గరే ఉండేవాళ్ళం. సాయంత్రాలు ఆమె మా భోజనాల బల్లమీద తడుతూ నాతో స్పెల్లింగులు చెప్పించేది. పిల్లకి చదువు చెబుతున్నావా, మేకులు కొడుతున్నావా అని అమ్మ వంటింట్లోంచి సణిగేది.

ఇంకో తట్టు కూడా ఉండేది. అది ఏ జంటకీ చెందదు. పేజీ పూర్తవగానే రేడియోగారు ఒకసారి తట్టి ఆగేవారు. ‘నేను చదివాను, నువ్వు చూశావా?’ అని అడగడం అది. పెద్దమ్మ తిరిగి ఒకసారి తట్టేది. ‘చూశాను’ అని జవాబు. ఆ తర్వాతే పేజీ అడుగున రెండు గళ్ళలో ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టేవారు. జవాబు తట్టు రాకుండా ఆయన ఎప్పుడూ పెన్ను మూత తీసేవారు కాదు. అప్పుడప్పుడు పెద్దమ్మ ధ్యాస ఎటో పోయి ఉంటే, చేయి కదపకుండా, “చూడలేదు అన్నయ్యగారూ” అనేది. ఆయన విసుక్కోకుండా ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివేవారు.

ఇప్పుడు జరిగింది చెబుతాను. నిజానికి ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఆమె ఇంకొకరికి చెబుతుంటే తెలిసింది. అయినా ముందే చెప్పేస్తున్నాను. విషయం దాచిపెట్టి జనాన్ని కూర్చోబెట్టే పని మా ఇంట్లో ఒకరు చేశారు, అది చాలు.

ఆ రోజు వచ్చింది బీపీ మాత్రల కాగితం. నాలుగు పేజీల ప్రూఫు, చీమ తలంత అక్షరాలు. మధ్యాహ్నానికి అచ్చుకెక్కాలి. మూడు పేజీలు అయ్యాయి. ఇంతలో కింద ఆఫీసుకి ఫోనొచ్చింది. రేడియోగారి భార్య స్నానాలగదిలో జారిపడ్డారు, కుడి మణికట్టు విరిగింది, ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆయన చొక్కా చేతులు దింపుకుంటూ లేచారు. “చెల్లెమ్మా, ఆ ఆఖరి పేజీ అలా ఉంచు. కట్టు కట్టించి ఇంట్లో దింపి వచ్చేస్తాను. వచ్చాక చదువుదాం.”

“మీరు నిదానంగా రండి అన్నయ్యగారూ. పేజీ ఎక్కడికీ పోదు” అంది పెద్దమ్మ.

పేజీ పోయింది. యంత్రం నడిపే మనిషి రెండుసార్లు పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మూడోసారి మేనేజరే వచ్చాడు. ఆగమంటే ఆగేవాడు, గొణిగినా ఆగేవాడు. పెద్దమ్మ ఆగమని చెప్పలేదు. పదకొండేళ్ళుగా తన కన్ను దాటి ఏదీ పోలేదన్న ధీమా ఆమెది. అసలూ అచ్చూ పక్కపక్కన పెట్టుకుని తనే పైకి చదువుకుంది, తనే తట్టుకుంది. మనిషి తన గొంతు తానే వింటుంటే ముందేం రాబోతోందో మనసుకి తెలిసిపోతుంది, కన్ను పని చేయడం మానేస్తుంది. ఈ సంగతి ఆ ఊరంతటిలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. మొదటి గడిలో తన సంతకం పెట్టింది. రెండో గడి ఖాళీగా ఉంటే పేజీ అచ్చుకి తీసుకోరు. అందులో ఆయన సంతకం కూడా తనే పెట్టింది.

మూడు గంటల తర్వాత ఆయన వచ్చి ఖాళీ బల్ల చూశారు. “అచ్చుకెళ్ళిపోయిందా? మరి నా గడి?”

“నేను చూసుకున్నాన్లెండి” అంది.

ఆయన కూర్చుని తర్వాతి పని కాగితాలు తీసుకున్నారు.

పది రోజులకి తప్పు బయటపడింది. బీపీ తక్కువగా ఉన్నవాళ్ళు ఈ మాత్ర వేసుకోకూడదు అని ఉండాల్సిన చోట, ఎక్కువగా ఉన్నవాళ్ళు వేసుకోకూడదని పడింది. ఎక్కువగా ఉన్నవాళ్ళ కోసం తయారైన మాత్ర అది. నోటుపుస్తకంలో ఉన్న హైపో, హైపర్ జంటే, పెద్దమ్మ స్వయంగా కిటుకు కనిపెట్టిన జంటే. మందుల కంపెనీలో ఒక డాక్టరు చూసి డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాడు. ఎవరికీ ఏమీ కాలేదన్నారు. ఎన్ని డబ్బాలు జనం చేతుల్లోకి వెళ్ళాక ఆపారో మాత్రం ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మ ఆ తర్వాత మందుల షాపు ఉన్న వైపు నడిచేది కాదు.

మేనేజరు ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. బల్లమీద ఆ నాలుగో పేజీ పరిచి ఉంది. “కన్ను పొరబడుతుంది, ఒప్పుకుంటాను. అందుకేగా ఎదురుగా ఇంకో మనిషిని కూర్చోబెట్టింది. అసలుతో సరిచూశానని ఒప్పుకునే గడి ఇది” అని రెండో గడి మీద వేలు పెట్టాడు. రేడియోగారి వంక చూశాడు. “ఇది మీ సంతకమేనా?”

రేడియోగారు ఆ సంతకం చూశారు. తర్వాత పెద్దమ్మను చూశారు. వేలి కణుపుతో మేనేజరు బల్లమీద ఒకసారి తట్టారు.

మేనేజరుకి అది ఆలోచిస్తున్న మనిషి తట్టు. పెద్దమ్మకి మాత్రం అది పదకొండేళ్ళుగా రోజుకి ముప్ఫైసార్లు విన్న ప్రశ్న. ‘చూశావా?’ ఆమె నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం మీద మా అమ్మా, ఎనిమిదేళ్ళ నేనూ బతుకుతున్నాం. ఆ సంగతి రేడియోగారికీ తెలుసు. ఆయన ఆగారు. పెద్దమ్మ చేతులు కొంగులో చుట్టుకుని ఉన్నాయి, బయటికి రాలేదు.

“నాదేనండీ” అన్నారాయన.

ఆ సాయంత్రమే ఆయన లెక్క తేల్చి పంపేశారు. గదిలోకి వచ్చి కళ్ళజోడు పెట్టె, గొడుగు, నీలం నోటుపుస్తకం తీసుకున్నారు. వస్తా చెల్లెమ్మా అన్నారు. రోజూ అనే మాటే, రోజూ అనే గొంతుతోనే. ఆ తర్వాత ఆయనకి ప్రెస్సుల్లో పని దొరకలేదు. ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ నాలుగేళ్ళు బతికారు. ఆయన పోయిన కబురు తెలిసిన రోజు పెద్దమ్మ మామూలుగా పనికెళ్ళింది. అమ్మ ఒక్కతే వెళ్ళి చూసొచ్చింది. ఎన్నాళ్ళో కలిసి పనిచేసిన మనిషి, ఒక్కసారి కడచూపుకైనా వెళ్ళకపోతే ఎలా అక్కా అని అమ్మ అడిగితే, పెద్దమ్మ చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది.

నా చిన్నతనమంతా ఇంట్లో రేడియోగారు ఉన్నారు. భోజనం చేస్తూ చేస్తూ పెద్దమ్మ ముద్ద మధ్యలో ఆపేసేది. తల కొంచెం పక్కకి వంచి, ఊపిరి బిగపట్టి వినేది. ఏంటి పెద్దమ్మా అంటే, “ఏం లేదే. పక్కింటివాళ్ళు మేకు కొడుతున్నారు” అనేది. పక్కిల్లు అప్పటికి రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. బట్టలు మడత పెడుతున్నా, దువ్వెన తలలో ఉన్నా, ఆ ఆగిపోవడం వచ్చేది. ఎప్పుడూ ఒక్క తట్టే. రెండో తట్టు తను కొట్టాలి. కొట్టేది కాదు. ఒకసారి నేను సరదాకి మంచం కోడు మీద ఒకసారి తట్టాను. ఆమె మొహం చూసి ఏడుపొచ్చేసింది నాకు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వెళ్ళి పెరటి గుమ్మంలో కూర్చుంది.

ప్రెస్సులో సంగతి ఇంకా ఘోరం. ఆయన స్థానంలో ముగ్గురు వచ్చి ముగ్గురూ మానేశారు. మూడో అమ్మాయి మేనేజరుతో, “ఆవిడ నన్ను చూడరండీ, నా వెనకాల ఎవరో నిలబడ్డట్టు అటే చూస్తారు” అందట. ఆ తర్వాత ఎవర్నీ పెట్టలేదు. కంప్యూటర్లు వచ్చాయి, రెండో మనిషీ, రెండో సంతకమూ అవసరం లేదన్నారు. పెద్దమ్మ ప్రతి పేజీ తన కుర్చీలో కూర్చుని ఒకసారి చదివేది. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన కుర్చీలో కూర్చుని ఇంకోసారి చదివేది. మళ్ళీ తన కుర్చీలోకి వచ్చి సంతకం పెట్టేది. రెండో గడి ఖాళీగానే వదిలేసేది. రిటైరయ్యే దాకా ఆమె చూసిన పేజీలో తప్పు దొరకలేదు. సన్మానం రోజున దండ వేసి, ఆమె కన్ను దాటి చీమ కూడా పోదని పొగిడారు. నేను ముందువరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆమె ఎందుకు తల వంచుకుందో నాకప్పుడు తెలియదు.

అమ్మ పోయాక మేమిద్దరమే మిగిలాం. నాకు ముప్ఫై ఏళ్ళు వచ్చిన సంవత్సరం, ఒక ఆదివారం మధ్యాహ్నం, డెబ్భై దాటిన ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. చంకలో గుడ్డసంచీ ఉంది. గుమ్మం దగ్గరే ఆయాసపడుతూ నిలబడి, తను రేడియోగారి భార్యనని చెప్పారు. నేను లోపలికి తిరిగి చూస్తే పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

“మీ అన్నయ్యగారు బతికుండగా రాలేకపోయానమ్మా” అంటూ ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. “ఆయనకి చెల్లెలివంటే నాకు ఆడపడుచువి. ఆడపడుచుని చూడ్డానికి ఇన్నేళ్ళకి వచ్చిన వదిన నేనొక్కదాన్నే అయ్యుంటాను.”

పెద్దమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. నేను టీ పెట్టి తెచ్చాను. ఆవిడ సంచీలోంచి నీలం అట్ట నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టారు.

“మా మనవరాలికి ఇంగ్లీషు పరీక్ష. ఆయన పెట్టెలో ఇది దొరికింది. మాటలన్నీ బాగున్నాయి తాతయ్యవి అంటోంది గానీ, ఈ చుక్కలేంటో తెలియడం లేదట. నాకు ఇంగ్లీషు రాదు. ఒకటుంది, రెండున్నాయి. ఇదేంటో చెప్పగలిగింది నువ్వే కదా అని వచ్చాను.”

పెద్దమ్మ పుస్తకం ముట్టుకోలేదు. దూరంనుంచే చూస్తూ చెప్పింది. “చుక్కలు కాదు వదినగారూ, అవి తట్లు. ఒకలాగే వినిపించే మాటలొస్తే అన్నయ్యగారు బల్లమీద తట్టేవారు. ఎడమవైపుదానికి ఒకటి, కుడివైపుదానికి రెండు.”

ఆవిడ టీ గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని కూర్చున్నారు. కుడి మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుని ఉంది.

“ఆ రోజు నేను ఫోన్ చేయకుండా ఉండాల్సిందమ్మా” అన్నారు. “పక్కింటావిణ్ణి పిలుచుకున్నా సరిపోయేది. ఆయన నన్ను ఆస్పత్రిలో చూపించి, ఇంట్లో దింపి, మళ్ళీ పరుగున వచ్చి కంగారులో చదివుంటారు. అందుకే తప్పు పోయింది. పదకొండేళ్ళలో ఒక్క తప్పు, అది నా చేయి వల్ల. ఆయన ముందు ఎన్నిసార్లు ఏడ్చానో. నీ తప్పేం లేదే అనేవారు. మంచి మనిషి, నా బాధ చూడలేక అంటున్నారనుకున్నాను.”

నాకు పెద్దమ్మ చేతులు కనిపిస్తున్నాయి. కొంగులో చుట్టుకుని ఉన్నాయి.

“ఆఖర్న రెండు నెలలు మంచంలోనే ఉన్నారు, మాట పడిపోయింది” అని ఆవిడ కొనసాగించారు. “అప్పుడు మంచం పట్టీ మీద తడుతూ ఉండేవారు. నీళ్ళు కావాలేమోనని ఇస్తే తాగేవారు కాదు. దుప్పటి కప్పితే తీసేసేవారు. మళ్ళీ తట్టేవారు. తట్టి, ఏదో వినడానికన్నట్టు ఆగేవారు. నువ్వు చెబుతుంటే ఇప్పుడు తడుతోంది నాకు. ఎప్పుడూ ఒక్కటే తట్టేవారమ్మా. ఒక్కటి తడితే ఏంటి? ఇలా.”

ఆవిడ వేలు మడిచి, కణుపుతో మా భోజనాల బల్లమీద ఒకసారి తట్టారు. తట్టి ఆగారు.

గ్లాసులో టీ కదిలింది. ఇన్నేళ్ళూ పెద్దమ్మ ఒక్కదానికే వినిపించిన ఆ చప్పుడు అప్పుడు నేనూ విన్నాను. చిన్న చప్పుడు. ఇంతదానికా నా చిన్నతనమంతా బిగుసుకుపోయింది అనిపించింది.

“చూడలేదు” అంది పెద్దమ్మ.

“ఏంటమ్మా?”

“చూడలేదు వదినగారూ. ఆ పేజీ ఆయన చదవలేదు, నేను చూడలేదు. ఆయన రాకముందే పంపేశాను. ఆయన సంతకం నేనే పెట్టాను.”

ఇక ఆపలేదు. ఫోనొచ్చిన దగ్గర్నుంచి మేనేజరు బల్లదాకా ఒక్క వరస వదలకుండా చెప్పింది. ఏడవలేదు. ప్రూఫు చదివినట్టే చెప్పింది. చెప్పడం అయ్యాక లోపలికెళ్ళి తన ట్రంకుపెట్టె అడుగునుంచి మడతలు చిరిగిన కాగితం తెచ్చి బల్లమీద పరిచింది. ప్రెస్సులో పాత ఫైళ్ళు పారేస్తున్నప్పుడు అడిగి తెచ్చుకుందట. ఆ నాలుగో పేజీ.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీదికి వంగారు. పైనున్న ఇంగ్లీషు జోలికి పోలేదు. అడుగున రెండో గడి మీద వేలు పెట్టారు.

“ఇది ఆయన సంతకం కాదు” అన్నారు. “ఆయన ఆఖరి గీత కిందికి లాగేవారు. దీనికి లేదు. ఇంగ్లీషు రాకపోయినా నాకు ఇదొక్కటీ తెలుసు. ముప్ఫై ఏళ్ళు చూశాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి సంచీలో పెట్టుకున్నారు.

“ఆ రోజే ఎవరైనా నాకు ఈ కాగితం చూపించి ఉంటే చెప్పేసేదాన్ని” అని కుడి చేయి పైకెత్తి, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. “అయితే దీనివల్ల కాదన్నమాట.”

“కాదు వదినగారూ.”

“ఆయన నీ తప్పు లేదంటే నిజమే చెబుతున్నారని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. నన్ను ఓదారుస్తున్నారనుకుని ఇంకా ఏడ్చేదాన్ని. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆయన ఉండగా ఆయన ముందు తలెత్తుకుని తిరిగేదాన్ని. నాకు ఆ నాలుగేళ్ళు ఎవరిస్తారు?”

ఆ నాలుగేళ్ళలోనే నేను మంచి స్కూల్లో చేరాను, కొత్త బూట్లు వేసుకున్నాను, ఇంగ్లీషులో మొదటి మార్కు తెచ్చుకున్నాను. నాకు సిగ్గేసింది. పెద్దమ్మ మీద కోపమూ వచ్చింది. ఆ కోపం పెట్టుకునే హక్కు నాకు లేదని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నారు. నోటుపుస్తకం కూడా తీసుకున్నారు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

“పిల్లకి పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి. నువ్వు రావద్దు” అని పెద్దమ్మతో అని, నా వైపు చూశారు. “ఈ అమ్మాయిని పంపు. ఆదివారాలు చాలు.”

ఆవిడ వెళ్ళాక పెద్దమ్మ బల్ల దగ్గరే చాలాసేపు కూర్చుంది. సాయంత్రం భోజనం మధ్యలో అలవాటుగా ముద్ద ఆపింది. తల వంచింది. చాలాసేపు వింది.

“వినిపించిందా?” అన్నాను.

“లేదే” అంది. “జవాబు చెప్పేశానుగా. ఇంక అడగరు.” అని కంచం పక్కకి జరిపి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇరవై రెండేళ్ళు ఆ తట్టు ఆగిపోవాలని కోరుకున్న మనిషి, అది ఆగిపోయిందని ఏడ్చింది. ఆయన పోయిన రోజున ఏడవాల్సిన ఏడుపు అది అని నాకు అనిపించింది.

నేను ఆదివారాలు వెళుతున్నాను. రెండు గదుల ఇల్లు. ముందుగదిలో ఆయన మంచం అలాగే ఉంది, పట్టీ మీద ఒకచోట రంగు పోయి కర్ర కనిపిస్తుంది. మనవరాలు ఆ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది, నేను ఎదురుగా కుర్చీలో. తను తన పాఠం పైకి చదువుతుంది, నేను అదే పాఠం ఇంకో పుస్తకంలో చూస్తాను. తట్లన్నీ నేర్పించాను, పేజీ చివరిది కూడా. పిల్ల గొంతులో తాతగారి పోలిక ఉందేమో నాకు తెలియదు గానీ, ఏది చదివినా ఒకటే వేగం.

మొన్న పేజీ పూర్తిచేసి, మంచం పట్టీ మీద ఒకసారి తట్టి ఆగింది. సరిగ్గా ఆ రంగు పోయిన చోటే. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆవిడ మొహమే చూస్తూ ఉండిపోయాను.

“అడుగుతోందిగా. జవాబు చెప్పు” అన్నారావిడ.

నా చేయి పుస్తకం మీద ఉంది. ఆఖరి నాలుగు వరసలూ నేను చూడలేదు. తట్టేస్తే ఆ పిల్లకి తెలియదు, ఆవిడకీ తెలియదు.

“చూడలేదు” అన్నాను. “మొదటినుంచి మళ్ళీ చదువమ్మా.”

పిల్ల పేజీ వెనక్కి తిప్పింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్ళకుండా, మంచం చివర కూర్చున్నారు.